హెవీ ట్రైలరు ఫ్లోరుకు ఏ కర్ర? సాలు, నల్లమద్ది, మలేషియా సాలు, జామాయిల్ మధ్య తేల్చుకోలేకపోతున్నాను

రాజాం రవాణా:

సభ్యులందరికీ నమస్కారం. రాజాంలో మాకు రెండు ఇరుసుల ట్రైలరు ఒకటి ఉంది. ఫ్లోరు పొడవు 20 అడుగులు, వెడల్పు 8 అడుగులు. వరికోతల కాలంలో చైను హార్వెస్టర్లను, మిగతా కాలంలో సుమారు 8 టన్నుల బరువుండే బ్యాక్‌హో లోడర్లను దీని మీద తీసుకువెళ్తుంటాం. ఇప్పుడున్న ఫ్లోరు 5 మి.మీ. చెకర్డ్ ప్లేటు. ఫ్లోరును మోసే అడ్డ చానళ్లు (అడ్డంగా వేసిన ఇనుప దూలాలు) రెండడుగులకు ఒకటి చొప్పున ఉండడం వల్ల వాటి మధ్య ప్లేటు గుంటలు పడింది. ఆ గుంటల్లో నీరు నిలిచి చాలాచోట్ల తుప్పు తినేసింది. పైగా వాన కురిసిన రోజున బురద అంటిన రబ్బరు చైను ప్లేటు మీద పక్కకు జారుతోంది. అందువల్ల ప్లేటు తీయించి కర్ర ఫ్లోరు వేయించాలని నిర్ణయించుకున్నాను.

విజయనగరం డిపోల్లో విచారిస్తే సాలు, నల్లమద్ది, మలేషియా సాలు అని మూడు చెప్పారు. కోత మిల్లువారు జామాయిల్ పలకలు చవకగా ఇస్తామంటున్నారు. మా పెదనాన్నగారేమో టేకు తప్ప మరొకటి వద్దంటున్నారు. ఏ కర్ర వేయించాలో, ఎంత మందం ఉండాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సాలూరు బాడీబిల్డర్:

2022లో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, విజయనగరం లారీవారికి బాడీ పని అనగానే నేటికీ మా ఊరే గుర్తుకు వస్తుంది గనుక ముందుగా నేనే జవాబు ఇస్తున్నాను. మా షెడ్లలో హెవీ లోడు ఫ్లోరుకు సాలు కర్రనే వేస్తాం. జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది కనుక బస్తరు సాలు మాకు మొదటినుంచీ అలవాటైన సరుకు. అది దొరకనప్పుడు నల్లమద్ది వేస్తాం. టేకు తలుపులకు, కిటికీలకు ఎంతో మంచి కర్ర, కాని దాని మీద యంత్రాలు ఎక్కించడం డబ్బును నేలపాలు చేయడమే. జామాయిల్ గురించి ఎవరైనా నాకు మంచి మాట చెబితే వినాలని ఉంది.

మందం విషయంలో నా మాట ఒక్కటే. రెండున్నర అంగుళాలకు తక్కువ వేయించకండి.

అడవిదారి:

రాజాం రవాణా గారూ, ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు కలప డిపోలతో గడిపినవాడిని కనుక ఒక్కొక్క కర్ర గురించి కొంచెం వివరంగా రాస్తాను.

సాలు అని వ్యాపారులు పిలిచేది మన గుగ్గిలం చెట్టు కర్రే. ఛత్తీస్‌గఢ్ తన రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్నది దీనినే. ఆరిన కర్ర ఘనమీటరుకు 800 కిలోలకు పైబడే తూగుతుంది. ఒకప్పుడు రైలు పట్టాల కింద స్లీపర్లుగా దీనిని విస్తారంగా వాడారంటే బరువును, వానను, చెదను ఎంతగా తట్టుకుంటుందో ఊహించుకోవచ్చు. కలప సంరక్షణకు సంబంధించిన ఐఎస్ 401 ప్రమాణం, నేలలో పాతిన కర్ర ముక్కలు సగటున 120 నెలలు లేదా అంతకు మించి నిలిచే జాతులను అధిక మన్నిక తరగతిలోను, 60 నెలలలోపే పాడయ్యేవాటిని తక్కువ తరగతిలోను చేరుస్తుంది. సాలు చేవ, అంటే దుంగ నడిమి ముదురు కర్ర, మొదటి తరగతిలో ఉంటుంది. అయితే ఈ ఘనతంతా చేవదే. చుట్టూ ఉండే తెల్లచెక్కకు అందులో వాటా లేదు. అది పొడిపురుగుకు, చెదకు ఏ సాధారణ కర్రకూ తీసిపోకుండా లొంగిపోతుంది. పలక అంచున రెండంగుళాల తెల్లచెక్క ఉన్న సాలుకంటే పూర్తి చేవ ఉన్న నల్లమద్ది మేలని నా అభిప్రాయం.

నల్లమద్ది బరువులో, గట్టితనంలో సాలుకు దీటుగా నిలుస్తుంది, కొన్ని దుంగలు మించిపోతాయి కూడా. మన్నికలో మాత్రం ఒక మెట్టు తక్కువ. ఆరేటప్పుడు బీటలు వారే గుణం రెండింటికీ ఉంది. డిపోలో మద్ది అని అడిగితే ఏరుమద్దిని చూపించే అవకాశం ఉంది. వాగుల పక్కన పెరిగే ఆ చెట్టు బెరడు తెల్లగా నున్నగా ఉంటుంది, నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. దుంగ దశలోనే చూసి కొంటే ఈ తికమక ఉండదు.

మలేషియా సాలు ఒక చెట్టు పేరు కాదు, వ్యాపారుల పేరు. మన సాలుకు దగ్గరి చుట్టాలైన పలు ఆగ్నేయాసియా జాతులు ఆ పేరు మీద అమ్ముడవుతుంటాయి. వాటిలో మన సాలును మించిన బరువైనవీ ఉన్నాయి, దానిలో సగం గట్టితనం లేనివీ ఉన్నాయి. కెరుయింగ్ అనే జాతి దొరికితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అమెరికాలో బరువు ట్రైలర్ల ఫ్లోరుకు ఓక్‌తో పాటు అపిటాంగ్ పేరుతో వాడేది ఈ కుటుంబపు కర్రనే. ఓడల మీద తిరిగే సరుకు కంటైనర్ల అడుగున వేసే 28 మి.మీ. ప్లైవుడ్‌కు సంప్రదాయంగా వాడినదీ ఇదే. ఎండలో దాని నుంచి జిగురు కారి చెప్పులకు అంటుకుంటుందన్నదే దాని మీద ఉన్న ఫిర్యాదు.

ఓక్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక సంగతి. అక్కడివారు ఎర్ర ఓక్‌ను కాదని తెల్ల ఓక్‌ను ఎంచుకోవడానికి కారణం గట్టితనం కాదు. తెల్ల ఓక్ చేవలోని సన్నని నాళాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి కాబట్టి నీరు లోపలికి పాకదు, ఎర్ర ఓక్‌లో అవి తెరుచుకుని ఉంటాయి. మన సాలు చేవలోని నాళాలు కూడా అలాగే పూడుకుని ఉంటాయి. వాననీరు లోపలికి దిగకపోవడానికి అది కారణం. మనం పూసే మందు కూడా లోపలికి దిగకపోవడానికి అదే కారణం.

జామాయిల్ బరువైన కర్రే. కాని దాని నార మెలి తిరిగి ఉంటుంది, దుంగలో బిగిసి ఉన్న ఒత్తిడి కోయగానే విడిపోయి పలక చివరలు చీలుతాయి. కాగితం మిల్లులకు పోవలసిన చిన్న వయసు దుంగల్లో చేవ కూడా తక్కువే. టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలే ఉంటుంది. అది వంగదు, బీటలు వారదు, చెద పట్టదు, కాని ఉక్కు చైను కింద నొక్కుకుపోతుంది. పెదనాన్నగారి మాట ఇంటి తలుపు వరకు శిరోధార్యం.

రాజాం రవాణా:

అడవిదారి గారికి ధన్యవాదాలు. సాలు లేదా నల్లమద్ది అనే వరకు తేలిందని అనుకుంటున్నాను. మందం దగ్గర మళ్లీ ఆగిపోయాను. డిపోవారు రెండంగుళాలు చాలునంటున్నారు, సాలూరు బాడీబిల్డర్ గారు రెండున్నర అంటున్నారు. ఆ అర అంగుళానికి ఏడు ఘనపుటడుగుల దాకా కర్ర పెరుగుతోంది.

వంతెనల ఇంజినీరు:

ఈ చర్చలో ఇంతవరకు అందరూ కర్ర పేరు గురించే మాట్లాడారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న మీ మొదటి టపాలోనే ఒక మూల ఉండిపోయింది. అడ్డ చానళ్లు రెండడుగులకు ఒకటి ఉన్నాయన్నారు. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

బ్యాక్‌హో లోడరు 8 టన్నుల్లో సుమారు 5 టన్నులు వెనుక ఇరుసు మీద ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క వెనుక చక్రం మీద రెండున్నర టన్నులు, అంటే సుమారు 25 కిలోన్యూటన్లు. వెడల్పాటి టైరు కనుక ఎనిమిది అంగుళాల పలకలు రెండింటి మీద పడుతుంది, పలకకు 12.5 కిలోన్యూటన్లు. చానళ్ల నడిమధ్యన చక్రం నిలిచినప్పుడు పలకలో వచ్చే వంపు ఒత్తిడిని, బరువంతా ఒక గీత మీద పడిందనే భావనతో లెక్క కడితే ఇలా వస్తుంది. చానళ్ల దూరం 600 మి.మీ., పలక మందం 50 మి.మీ. అయితే చదరపు మిల్లీమీటరుకు 22.5 న్యూటన్లు. అదే దూరంలో 63 మి.మీ. పలక, అంటే రెండున్నర అంగుళాలది వేస్తే 14.2. దూరాన్ని సగానికి, 300 మి.మీ.కు తగ్గించి 50 మి.మీ. పలకనే వేస్తే 11.3.

ఇక కర్ర ఎంత తట్టుకుంటుందన్నది చూద్దాం. కలప నిర్మాణాలకు సంబంధించిన ఐఎస్ 883 ప్రమాణం ఒకే కర్రకు మూడు హద్దులు ఇస్తుంది. ఇంటి లోపల వాడితే ఒక విలువ, బయట ఎండావానల్లో వాడితే అందులో ఆరింట ఐదు వంతులు, ఎప్పుడూ తడిగా ఉండేచోట మూడింట రెండు వంతులు. మంచి సాలుకు బయటి వాడకపు హద్దు సుమారు 14 న్యూటన్లు. కనుక మీ ఇప్పటి చానళ్ల మీద రెండంగుళాల పలక ఏ కర్రదైనా పనికిరాదు. రెండున్నర అంగుళాలది సరిగ్గా హద్దు మీద నిలబడుతుంది. సాలూరు వారి అనుభవం లెక్కకు ఎంత దగ్గరగా వచ్చిందో గమనించండి. ప్రతి రెండు చానళ్ల మధ్య మరొకటి వేయిస్తే రెండంగుళాల పలకే ధీమాగా సరిపోతుంది.

టైరు ఒక గీత మీద కాక జానెడు మేర ఆనుతుంది కాబట్టి అసలు ఒత్తిడి కొంత తక్కువే ఉంటుంది. గోతుల్లో ఎగిరిపడే బండి ఆ మినహాయింపును తిరిగి తినేస్తుంది. అందుచేత రెండింటినీ పక్కన పెట్టాను.

సాలూరు బాడీబిల్డర్:

ఇంజినీరు గారూ, లెక్క బాగుంది. కాని పది చానళ్లు అదనంగా వెల్డు చేయిస్తే ట్రైలరు సొంత బరువు పెరగదా? ఆ మేరకు మోసే సరుకు తగ్గినట్టే కదా. చానళ్లకు పెట్టే డబ్బును కర్రలోనే పెడితే కర్ర మందంగా ఉంటుంది, అరిగినా ఇంకా మిగులుతుంది. మా షెడ్డులో ఇప్పటివరకు నడుస్తున్న పద్ధతి అదే.

వంతెనల ఇంజినీరు:

బరువు లెక్క కూడా చూద్దాం. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు అంటే 160 చదరపు అడుగులు. రెండంగుళాల మందానికి 26.7 ఘనపుటడుగుల కర్ర, రెండున్నరకు 33.3. సాలు ఘనమీటరుకు 850 కిలోలుగా తీసుకుంటే మొదటిది సుమారు 640 కిలోలు, రెండవది సుమారు 800 కిలోలు. 75 మి.మీ. చానల్ మీటరుకు దాదాపు 7 కిలోలు తూగుతుంది కాబట్టి 8 అడుగుల ముక్క 17 కిలోలు, పది ముక్కలు 170 కిలోలు. అంటే రెండంగుళాల కర్ర, అదనపు చానళ్లు కలిపి 810 కిలోలు. రెండున్నర అంగుళాల కర్ర ఒక్కటే 800 కిలోలు. బరువు ఇంచుమించు సమానం. బలంలో మాత్రం మొదటి పద్ధతికి అయిదో వంతు మిగులు ఉంది. ఇప్పుడున్న 5 మి.మీ. ప్లేటు తీసేస్తే 580 కిలోలు ఎలాగూ తగ్గుతాయి.

మీరు చెప్పిన అరుగుదల మాట నిజమే. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఒత్తిడి మందం వర్గాన్ని బట్టి మారుతుంది. రెండంగుళాలు అని డబ్బు కట్టి, మిల్లు కోతలోను చిత్రికలోను పోగా 45 మి.మీ. పలక ఇంటికి తెచ్చుకుంటే అయిదో వంతు బలం డిపోలోనే వదిలి వచ్చినట్టు. మందాన్ని మిల్లీమీటర్లలో రాయించుకుని, కొలిచి తీసుకోవడం కర్ర జాతిని చూసుకోవడమంత ముఖ్యం.

సాలూరు బాడీబిల్డర్:

సరే, సమానమైన బరువుకు ఎక్కువ బలం వస్తుందంటే నాకు అభ్యంతరం లేదు. పైగా రెండంగుళాల పలక తొందరగా ఆరుతుంది. ఒక మాట మాత్రం చేరుస్తాను. అన్ని పలకల్లోకీ ముందుగా పోయేది వెనుక చివర. యంత్రం ర్యాంపు మీద నుంచి ఎక్కేటప్పుడు దాని బరువులో అధికభాగం కొన్ని క్షణాల పాటు ఆ చివరి అంచు మీదే ఉంటుంది. అక్కడ రెండు చానళ్లను జంటగా వేసి, పలకల చివరలను కప్పుతూ మందపాటి ఇనుప యాంగిల్‌ను అడ్డంగా బిగించాలి. లేకపోతే మధ్యలో బంగారం వేసినా చివర రాలిపోతుంది.

పలాస జీడితోట:

చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకిన తిత్లీ తుపానుకు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, మామిడి చెట్లు లెక్కలేనన్ని పడిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. అప్పట్లో కోయించి షెడ్డులో పేర్చిన పనస, మామిడి పలకలు మా బంధువుల దగ్గర ఇంకా ఉన్నాయి. బాగా ఆరిన కర్ర. రాజాం వారికి చవకగా ఇప్పించగలను. ట్రైలరుకు పనికివస్తాయా?

బొబ్బిలి వడ్రంగి:

పనికిరావండి. పనస మా ఊరి వీణకు ప్రాణం, దానిమీద నాకు ఎంతో గౌరవం ఉంది. కాని అది తొలవడానికి వీలైన మెత్తని కర్ర, చైను కింద వేసేది కాదు. మామిడి ఇంకా తక్కువ. వానకు తడిసి ఎండితే దానికి పురుగు, కుళ్లు రెండూ పడతాయి. సెంట్రింగుకు, పెట్టెలకు అమ్ముకోమనండి.

తుపానుకు పడిన చెట్టు విషయంలో మరొకటి గమనించాలి. గాలికి చెట్టు విపరీతంగా వంగినప్పుడు నొక్కుడు పడిన వైపున కర్ర నార లోపలే చితికిపోతుంది. కోసిన పలక మీద నారకు అడ్డంగా సన్నని ముడత లాంటి గీత కనిపిస్తుంది, చిత్రిక పడితే గాని ఒక్కోసారి తెలియదు. సాలు అయినా, టేకు అయినా అలాంటి గీత ఉన్న పలక బరువు పడగానే ఆ గీత దగ్గరే సుద్దముక్కలా విరుగుతుంది. గాలికి పడిన కలప కొనేవారు పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడాలి.

పలాస జీడితోట:

వడ్రంగి గారూ, అర్థమైంది. అయితే మా వైపు నుంచి మరొక వస్తువు గురించి అడుగుతాను. జీడిపిక్కల తొక్కు నుంచి తీసే నూనెను మా తీరంలో పడవలకు, దూలాలకు పురుగు పట్టకుండా పూసే అలవాటు చాలాకాలంగా ఉంది. పలాసలో జీడి పరిశ్రమ ఉన్నంతకాలం దానికి కొదువ లేదు. ఫ్లోరు పలకలకు పూయవచ్చా?

అడవిదారి:

పూయవచ్చు, అది నిజంగా పురుగును ఆపే నూనే. అయితే వేడిచేయని పచ్చి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి. చేతులకు రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఆరడానికి చాలాకాలం పడుతుంది కనుక పైముఖం వదిలేసి అడుగువైపు, అంచులు, చివరలు, బోల్టు రంధ్రాల లోపల పూస్తే సరిపోతుంది. అసలు నీరు దిగేది ఆ చోట్లనే.

మన షెడ్లలో చాలామంది కాలిన ఇంజను ఆయిల్ పూస్తారు. అది పైపైన నిలిచి పలకను నల్లగా, జారుడుగా చేస్తుంది తప్ప లోపలి కర్రను కాపాడే మందు కాదు. జారుతోందనే కదా ప్లేటు తీయిస్తున్నది! బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన మందు ఇంటి లోపలి కలపకు దివ్యంగా పనిచేస్తుంది, కాని వానకు కరిగి కొట్టుకుపోతుంది కనుక ట్రైలరుకు వృథా. నల్లమద్ది పలకల్లో తెల్లచెక్క ఎక్కువగా ఉంటే, ఒత్తిడి సిలిండరులో మందు ఎక్కించే సదుపాయం ఉన్నచోట రాగి, క్రోమియం కలిసిన మందు పట్టించుకోవడం మంచిది. తెల్లచెక్క ఆ మందును బాగా తాగుతుంది. సాలు చేవకు దాని కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు, లోపలికి పోదు.

టెక్కలి గ్రానైటు:

మా నీలి గ్రానైటు దిమ్మెలను మోసే బండ్ల గురించి రెండు మాటలు. ఘనమీటరు రాయి సుమారు 2.7 టన్నులు. మూడు ఘనమీటర్ల దిమ్మెను క్రేనుతో దించేటప్పుడు ఒక మూల ముందుగా తగిలిందంటే ఆ 8 టన్నులూ అరచేతి మేర చోట పడతాయి. ఆ దెబ్బకు ఏ లెక్కా నిలవదు. మేము ఫ్లోరును ఎప్పుడూ నేరుగా రాయికి అప్పగించం. అడ్డంగా నాలుగైదు కర్ర దిమ్మెలు పరిచి వాటి మీద దించుతాం. అవి పగిలితే మారుస్తాం. పలక ఫ్లోరు యంత్రాలకు సరైనదే గాని రాజాం వారు ఎప్పుడైనా రాయి కిరాయి ఒప్పుకుంటే ఈ దిమ్మెలు వెంట ఉంచుకోవాలి. దిమ్మెలకు నల్లతుమ్మ చాలా బాగుంటుంది. పొడవైన పలకలు దానిలో రావు, నాలుగడుగుల ముక్కలు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి.

రాజాం రవాణా:

రాయి కిరాయి ప్రస్తుతానికి ఆలోచనలో లేదు, అయినా గుర్తుంచుకుంటాను. వంతెనల ఇంజినీరు గారి లెక్క చూశాక మధ్య చానళ్లు వేయించి రెండంగుళాల సాలు వేయించాలన్న నిర్ణయానికి వచ్చాను. ఇక బిగింపు గురించి తెలియాలి. డిపోవారు పచ్చి పలకలైతే వెంటనే ఇస్తాం, ఆరినవి కావాలంటే ఆగాలి అంటున్నారు. పచ్చివి బిగించేస్తే బండి మీదే ఆరిపోవా?

బొబ్బిలి వడ్రంగి:

ఆరతాయి, ఆరుతూ మీ ఫ్లోరును చెడగొడతాయి. కర్ర ఆరేటప్పుడు పొడవులో తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. దుంగ చుట్టుకొలత దిశలో తగ్గుదల మాత్రం, మధ్య నుంచి బెరడు వైపుకు తగ్గే దానికి సుమారు రెండింతలు ఉంటుంది. వెడల్పుగా కోసిన ఎనిమిది అంగుళాల పచ్చి సాలు పలక మన వాతావరణంలో ఆరే సరికి వెడల్పులో సుమారు 10 మి.మీ. తగ్గవచ్చు. ఒక్కొక్క సందులో బొటనవేలు దూరుతుంది. పలకకు రెండు అంచుల దగ్గరా బోల్టులు బిగించి ఉంటే తగ్గడానికి దారిలేక నడుమ చీలుతుంది.

సాలు చాలా నిదానంగా ఆరే కర్ర, తొందరపెడితే బీటలు వారుతుంది. కోయించిన రోజే పలకల చివరలకు తారు గాని, చిక్కటి పెయింటు గాని పూయాలి. ఎందుకంటే నీరు చివరల నుంచి అన్నిటికంటే వేగంగా పోతుంది, చీలికలు పుట్టేదీ అక్కడే. నేల మీద ఇటుకలు పెట్టి, పలకకు పలకకు మధ్య అంగుళం మందం బద్దలు ఒకదాని పైన ఒకటి వరుస తప్పకుండా పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చి, పైన బరువు ఉంచండి. అంగుళం మందానికి ఏడాది అనే పాత లెక్కను సాలు పూర్తిగా పాటిస్తుంది. అంతకాలం ఆగలేరని తెలుసు. కనీసం ఒక వేసవి గడిచిన పలకలు, తేమ మీటరులో 20 శాతానికి లోపు చూపేవి ఏరుకుంటే ట్రైలరుకు సరిపోతుంది. మీటరు సూదులను పలక చివర కాకుండా మధ్యలో, అదీ ఒక పలకను కోయించి లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి. పైపొర ఎప్పుడూ పొడిగానే చూపిస్తుంది.

అలా ఆరిన పలకల మధ్య 4 మి.మీ. సందు వదలండి. అంత కూడా వదలకపోతే వానాకాలంలో ఉబ్బి అంచులు ఒకదానినొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. దుంగ బెరడు వైపు ముఖం పైకి వచ్చేలా పరిస్తే పలక వంగినా మధ్య భాగం పైకి లేచి నీరు పక్కలకు పోతుంది, బోర్లించి పరిస్తే దోనెలా నీరు పట్టుకుంటుంది. అయితే బెరడు వైపున తెల్లచెక్క కనిపించే పలకను మాత్రం తిప్పి వేయండి, లేదా అసలు వద్దనండి.

మేకులు ఈ కర్రలోకి దిగవు, దిగినా చీలుస్తాయి. 10 మి.మీ. బోల్టులు, తల పలకలోకి మునిగేలా గుంట తీసి, అడుగున వాషరు, లాక్ నట్టు వేసి బిగించాలి. గాల్వనైజు చేసినవే తీసుకోండి. నల్లమద్ది, తుమ్మ వంటి కర్రల్లోని వగరు తడిసినప్పుడు మామూలు ఇనుమును తినేస్తుంది. బోల్టు చుట్టూ నల్లని మరక కనిపించిందంటే లోపల అది సన్నబడుతోందని అర్థం.

వంతెనల ఇంజినీరు:

దీనికి ఒక చిన్న చేర్పు. 20 అడుగుల ఏకపలకలు దొరకక రెండు పదడుగుల ముక్కలు వాడవలసి వస్తే, 75 మి.మీ. చానల్ పై అంచు వెడల్పు 40 మి.మీ. మాత్రమే ఉంటుంది. రెండు పలకల చివరలు దానిని పంచుకుంటే ఒక్కొక్కదానికి 20 మి.మీ. కూడా ఆనదు, బోల్టు అంచుకు మరీ దగ్గరై కర్ర చీలుతుంది. అతుకు వచ్చే ప్రతిచోట రెండు చానళ్లను వీపులు కలిపి వేయండి. అతుకులన్నీ ఒకే వరుసలో రాకుండా పలక తప్పించి పలక మార్చండి. పలకలు పరిచే ముందు చానళ్ల పైముఖానికి జింకు ప్రైమరు వేయించడం మరిచిపోవద్దు, తరువాత అక్కడికి చెయ్యి వెళ్లదు.

విజయనగరం కలప డిపో:

మా వ్యాపారానికి సంబంధించిన చర్చ కనుక ఒక హెచ్చరికతో కలుగజేసుకుంటున్నాను. సరిహద్దు దాటి వచ్చే సాలును కొందరు కాగితాలు లేకుండా నేరుగా ఇంటికి దించుతామని చెబుతారు. ధర చూసి ఆశపడకండి. ఆంధ్రప్రదేశ్‌లో కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల ప్రకారం పర్మిట్టు ఉండాలి. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే సరుకుకు అక్కడి అటవీశాఖ ఇచ్చిన కాగితం కూడా ఉండాలి. దారిలో పట్టుబడితే కర్రతో పాటు మీ ట్రైలరు కూడా ఆగిపోతుంది. మీ పొలంలోని చెట్టే అయినా నరికించే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అవసరమా అన్నది అడిగి తెలుసుకోవాలి. బిల్లులో కర్ర పేరు, పలకల సంఖ్య, మూడు కొలతలు స్పష్టంగా రాయించుకుని, ఫ్లోరు పూర్తయ్యాక కూడా ఆ కాగితాలను బండి కాగితాలతో పాటు ఉంచుకోండి.

మరొక సంగతి. 26.7 ఘనపుటడుగులు అన్నది నికర లెక్క. తెల్లచెక్క, ముడులు, చీలిన చివరలు తీసివేయగా అంత మిగలాలంటే 30కి పైగా కొనాలి. ఏరుకునే హక్కు ఇస్తే ధర కొంచెం పెంచుతాం, ఇవ్వకపోతే తక్కువకు ఇస్తాం. ట్రైలరు ఫ్లోరుకు మొదటిదే లాభమని అమ్మేవాడినైనా చెబుతున్నాను.

రాజాం రవాణా:

పలకలు ఏరుకునే ఒప్పందం మీదే కొంటాను. పోయిన వేసవికి ముందు కోసిన సాలు ఒక లాటు ఉందని ఆమదాలవలస దగ్గరి మిల్లువారు నిన్న ఫోనులో చెప్పారు. మీటరు పట్టుకుని వెళ్లి చూస్తాను. హార్వెస్టర్ల కిరాయిలు సంక్రాంతికి తగ్గుతాయి కాబట్టి అప్పటివరకు పాత ప్లేటు మీదే నడిపి, ఆ తరువాత బండిని సాలూరు షెడ్డుకు తెస్తాను. సాలూరు బాడీబిల్డర్ గారూ, చానళ్ల పని, పలకల పని రెండూ మీ దగ్గరే అవుతాయా?

సాలూరు బాడీబిల్డర్:

అవుతాయి. పలకలను ముందుగానే పంపించండి, షెడ్డులో పేర్చి ఉంచుతాను. పాత ప్లేటు కోసి తీశాక చాసీ మీద వెల్డింగు గాట్లు ఏ స్థితిలో ఉన్నాయో చూసి గాని చానళ్లు మొదలుపెట్టను. వెనుక జంట చానల్, యాంగిల్ నా లెక్కలోనే ఉన్నాయి. బోల్టులు మాత్రం వేసవి గడిచాక మరోసారి బిగించాలి, ఎంత ఆరిన సాలు అయినా మొదటి ఎండకు కొంత తగ్గుతుంది. జూన్‌లో వానలు పడకముందే బండిని ఒక పూట తీసుకురండి, దానికి కూలి తీసుకోను.